అప్‌డేట్: 7+ గేమ్‌లో బూతులు ఎలా వినిపిస్తున్నాయో తేలింది

ఇంతకుముందు అడిగింది నేనే, పర్లాకిమిడి నుంచి. నాలుగో తరగతి చదివే మావాడు ఆడే గేమ్‌కి ప్లే స్టోర్‌లో 7+ (ఏడేళ్లు, ఆ పైవాళ్లకి) అని వయసు రేటింగ్ ఉంది, తీరా చూస్తే వాయిస్ చాట్‌లో ఎవరెవరో తెలుగు, ఒడియా, హిందీ అన్నిట్లోనూ తిట్టుకుంటున్నారు, మరి ఆ నంబర్‌ని నమ్మాలా వద్దా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

నంబర్ పక్కన చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదవమన్న అన్నగారి మాటే పనికొచ్చింది. అక్కడ ‘యూజర్స్ ఇంటరాక్ట్’ అని ఉంది, అంటే బయటివాళ్లతో మాట్లాడే వీలుందని. ప్లే స్టోర్ రేటింగ్ ఐఏఆర్‌సీ (వయసు రేటింగ్‌ల అంతర్జాతీయ కూటమి) పద్ధతిలో వస్తుంది, హింస, బూతులు, జూదం లాంటివి గేమ్‌లో ఉన్నాయా అన్న ప్రశ్నలకు తయారుచేసినవాళ్లు ఇచ్చిన జవాబులను బట్టి. ఆన్‌లైన్‌లో ఎవడో నోటికొచ్చింది వాగితే దానికి ఆ నంబర్ పూచీ పడదు. గేమ్ సెట్టింగ్స్‌లో చాట్ ఆపేశాం, గోల వదిలింది.

ప్లే స్టోర్‌లో పేరెంటల్ కంట్రోల్స్‌కి పిన్ పెట్టి 7+ దగ్గర ఆపాను కూడా. కాకపోతే అది కొత్తగా దించుకునేవాటికే. ముందే ఫోన్‌లో ఉన్న 16+ కార్ల గేమ్ అలాగే కూర్చుంది, నేనే తీసేశాను (అన్నం దగ్గర అలిగాడులెండి).

గేమ్‌లకి వయసు రేటింగ్ ఇచ్చే అమెరికా ఈఎస్‌ఆర్‌బీ, యూరప్ పెగీల నంబర్లు ఎందుకు కలవవని జవాబుల్లో నడిచిన చర్చకీ మా సమస్యకీ సంబంధం లేదు, ఎవరి లెక్క వాళ్లది. కొందరు చెప్పిన ఫోన్ రీసెట్ అవసరమే పడలేదు. డబ్బులు కట్టయిపోతాయని టెన్షన్ ఉన్నవాళ్లు కొనేటప్పుడు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి, అది వేరే సెట్టింగ్.