‘చేయాల్సిన’ ఉంది, ‘చేయకూడని’ ఉంది, మరి ‘చేయవచ్చు’కి ఏది?

ప్రశ్న:
ఒక మందుల కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ఒక వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ‘పేషెంట్స్ హూ మే బీ అలర్జిక్ టు దిస్ మెడిసిన్ షుడ్ టెల్ ద డాక్టర్ ఫస్ట్.’ విడి వాక్యమైతే ‘అలర్జీ ఉండవచ్చు’ అని రాసి ముందుకు పోయేదాన్ని. ఇక్కడ ఆ ‘మే’ రోగులకు విశేషణంలో భాగమైపోయింది. ‘అలర్జీ ఉండవచ్చు రోగులు’ అనలేం కదా. చివరికి ‘అలర్జీ కలిగే అవకాశం ఉన్న రోగులు’ అని పెట్టాను. అలర్జీ రావడం కూడా ఒక అవకాశమేనా అని మనసు పీకుతోంది. ఇంతకంటే మంచి మాట చెప్పగలరా?

జవాబు:
మీరు ఆగిన చోట నిజంగానే ఒక ఖాళీ ఉందండి. ‘చేయాలి’ నుంచి ‘చేయాల్సిన పని’ వస్తుంది. ‘చేయకూడదు’ నుంచి ‘చేయకూడని పని’, ‘చేయగలం’ నుంచి ‘చేయగల పని’, ‘చేయలేం’ నుంచి ‘చేయలేని పని’. ‘చేయవచ్చు’ నుంచి మాత్రం ఏమీ రాదు. ‘చేయవచ్చిన పని’ అని ఇవాళ ఎవరూ అనరు. అదే ‘వచ్చు’ సొంతంగా నిలబడితే ‘వాడికి ఈత వచ్చు’, ‘ఈత వచ్చిన పిల్లవాడు’ అని హాయిగా మారుతుంది. ‘ఈదవచ్చు’లో చేరగానే ఇక కదలదు. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఇది.

ఇంగ్లీషులోనూ ‘మేయింగ్’ లేదు. అయితే అక్కడ ‘హూ’, ‘దట్’ అని పెట్టి పూర్తి క్రియనే వాడేస్తారు కాబట్టి ఆ లోటు బయటపడదు. మనకు నామవాచకం ముందు ధాతుజ విశేషణమే, అంటే ‘చేసిన’, ‘చేసే’ లాంటి క్రియ నుంచి పుట్టిన విశేషణమే కావాలి. అందుకే మనకు కనబడుతుంది.

ఇంకొకరు:
ఇంత కష్టం ఎందుకండీ? ‘మొరిగే కుక్క కరవదు’ అంటాం. ఆ ‘మొరిగే’లో మొరుగుతుంది, మొరగవచ్చు, మొరగడం దాని స్వభావం అన్నీ ఉన్నాయి. వ్యాకరణంలో తద్ధర్మం అనేది దీన్నే. ‘సబ్‌స్టన్సెస్ దట్ కెన్ కాజ్ అలర్జీ’ అంటే ‘అలర్జీ కలిగించే పదార్థాలు’ చాలు. ప్రతి ‘కెన్’కీ ఒక ‘అవకాశం’ తగిలిస్తే వాక్యం మొయ్యలేం.

అడిగినవారు:
పదార్థాలకి మీరన్నది బాగుంది. రోగులకి అలా రాస్తే ‘అలర్జీ ఉన్న రోగులు’ అయిపోతుంది. ఉందని తేలినవాళ్ళకే ఈ హెచ్చరిక అనుకుని మిగతావాళ్ళు దాటేస్తారు. అసలు చదవాల్సింది తేలనివాళ్ళే.

మొదటి జవాబిచ్చినవారు:
సరిగ్గా పట్టుకున్నారమ్మా. ‘కెన్’కీ ‘మే’కీ తేడా ఇక్కడే. ‘కెన్’ వస్తువు స్వభావం చెబుతుంది: ఇలాంటివి ఇలా చేస్తుంటాయి అని. దానికి మన తద్ధర్మం సరిపోతుంది. ‘మే’ చెప్పేది మనకు తెలియనితనం. ఈ మనిషికి అలర్జీ ఉందో లేదో వాక్యం రాసినవాడికి తెలియదు. సందేహం రోగి ఒంట్లో లేదు, చెప్పేవాడి మనసులో ఉంది. దాన్ని రోగికి విశేషణంగా తగిలించబోతే తెలుగు ఒప్పుకోవడం లేదు.

‘గల’తో కూడా జాగ్రత్త. ‘అలర్జీ రాగల రోగులు’ అంటే అదేదో వాళ్ళ సామర్థ్యంలా వినిపిస్తుంది. వాతావరణ వార్తల్లో ‘రాగల 24 గంటల్లో’ అన్నప్పుడు చూడండి, అక్కడ సందేహమే లేదు. ‘వచ్చే 24 గంటల్లో’ అని అర్థం, అంతే.

ఇంకొకరు:
‘అవకాశం’ గురించి ఒక్క మాట. సంస్కృతంలో దాని అసలు అర్థం చోటు, ఖాళీ. ఆ లెక్కన ‘అలర్జీ కలిగే అవకాశం’ తప్పు కాదు. కానీ ఇవాళ చదివేవారి చెవికి మంచి సందర్భమే తడుతుంది. ‘ప్రాణం పోయే అవకాశం’ అని చదివితే నాకు బాధగా ఉంటుంది. అక్కడ ‘ముప్పు’ అనే మాట మనకు ఉంది.

మరొకరు:
‘మే నాట్’ వచ్చినప్పుడు ఇంకా చూసుకోవాలి. ‘మెంబర్స్ హూ మే నాట్ అటెండ్’ అంటే రాకూడని సభ్యులు కావచ్చు, వస్తారో రారో తెలియని సభ్యులు కావచ్చు. ఇంగ్లీషులో రెండూ ఒకే రూపం. తెలుగులో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు.

జరిగిపోయిన వాటిలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. ‘ద డ్రగ్ దట్ మే హావ్ సేవ్డ్ హిమ్’ అంటే మనిషి బతికాడు, బహుశా ఆ మందు వల్లే. ‘ద డ్రగ్ దట్ మైట్ హావ్ సేవ్డ్ హిమ్’ అంటే చాలాసార్లు మనిషి పోయాడు, ఆ మందు అందలేదు. ‘అతన్ని కాపాడి ఉండగలిగిన మందు’ అని ఒక అనువాదంలో చదివాను. అది ఇద్దరిలో ఎవరి గురించో నాకు తెలియలేదు. మొదటిది ‘అతన్ని బతికించింది ఆ మందేనేమో’. రెండోది ‘ఆ మందు అంది ఉంటే బతికేవాడేమో’. రెండింటిలోనూ విశేషణాన్ని విప్పేశాను. అలా విప్పితేనే ఆ దుఃఖం తెలుగులో వినిపిస్తుంది.

అడిగినవారు:
మీ ‘ఏమో’ దగ్గర నాకు దారి దొరికింది. ‘వస్తాడేమో మనిషి’ అనలేం గానీ ‘వస్తాడేమోనన్న అనుమానం’ అనగలం. పైగా మందు ఒంటికి సరిపడకపోతే ఇళ్ళల్లో ‘నాకు ఆ మందు పడదు’ అంటారు. ఆ మాట ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉంది, ‘అలర్జీ’ వెంట పడి చూసుకోలేదు. ఇప్పుడు ఇలా మార్చాను:

‘ఈ మందు మీకు పడదేమోనన్న అనుమానం ఉంటే ముందే డాక్టరుకి చెప్పండి.’

మొదటి జవాబిచ్చినవారు:
‘రోగులు’ అనే మాట కూడా పోయిందే! అలాగే ఉంచండి. చదివేది వాళ్ళే కదా.