హ్యాండిల్ తాకితే ఒక్కోసారే లాక్ పడుతోంది

ప్రశ్న:
మాది కీ జేబులో ఉంటే చాలు, డోర్ హ్యాండిల్ తాకితే లాక్ పడే కారు. డ్రైవర్ వైపు హ్యాండిల్ తాకితే నాలుగుసార్లకు ఒకసారే లాక్ పడుతోంది. కీ మీద బటన్ నొక్కితే ప్రతిసారీ పడుతోంది. ఎడమ డోర్ హ్యాండిల్ బాగానే ఉంది. కీలో సెల్ మార్చాలా, హ్యాండిలే మార్చాలా?

జవాబు 1:
అదే కీతో పక్క డోర్ సరిగ్గా పనిచేస్తోందంటే అనుమానం హ్యాండిల్ మీదే. అయినా సెల్ చూడటం రెండు నిమిషాల పని. బటన్ పనిచేసినంత మాత్రాన సెల్ బాగున్నట్టు కాదు. తాకగానే కారు యాంటెన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌తో కీని లేపుతుంది, కీ బదులిస్తేనే లాక్ పడుతుంది. సెల్ నీరసిస్తే కీ ఈ సిగ్నల్‌ని అందుకునే దూరం తగ్గొచ్చు. కీలో ఉన్నది సీఆర్ 2032 రకం బిళ్ల సెల్ అయితే కొత్తది 3 వోల్టులు దాటి చూపాలి, 2.8 దగ్గరుంటే మార్చేయండి. కీ, ఫోన్ ఒకే జేబులో వద్దు.

ప్రశ్న అడిగినవారు:
సెల్ 3.1 చూపింది. అన్‌లాక్ ఎప్పుడూ తప్పట్లేదు, లాక్ ఒక్కటే.

జవాబు 2:
అయితే యాంటెన్నా బాగున్నట్టే. చాలా కార్లలో లాక్ సెన్సార్ హ్యాండిల్ బయటివైపు, అన్‌లాక్ సెన్సార్ లోపలివైపు ఉంటాయి. హ్యాండిల్‌ని పిడికిటపట్టి లాక్ చేస్తే రెండూ స్పందించి కారు తికమకపడుతుంది. హ్యాండిల్ మీద లాక్ కోసం ఉన్న గుర్తు మీద ఒక్క వేలే ఆనించండి. తడి, మందంగా పట్టిన వ్యాక్స్ కూడా సెన్సార్‌ని తప్పుదారి పట్టిస్తాయి; తడిగుడ్డతో తుడిచి, ఆరాక చూడండి.

జవాబు 3:
అప్పటికీ తప్పుతుంటే డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోని వైర్లు చూడండి. వంగి వంగి లోపల తెగుతాయి. మల్టీమీటర్ పెట్టి, వైర్లను వంచుతూ కంటిన్యుటీ (వైరు లోపల తెగకుండా ఉందా అని) చూస్తే దొరికిపోతుంది. హ్యాండిల్ కొనడం ఆ తర్వాతే.