ముంగిట కాపురమా, ముంగిటి కాపురమా?

అరసున్న: బీబీసీ రేడియో సీరియల్ ‘ఫ్రంట్ లైన్ ఫ్యామిలీ’ని మా మాస్టారు తెలుగులో ‘బాంబుల ముంగిట కాపురం’ అనేవారు. ‘ముంగిటి’ అన్నారేమోనని ఇప్పుడు అనుమానం. ఆ ఒక్క గుడి దగ్గరే ఇరుక్కుపోయాను.

సంధిదోషం: ‘ముంగిటి’ అనే ఉండాలి. రోకటి పాట అంటాం గానీ రోకట పాట అనం కదా.

మాగాణి: ముంగిట ముగ్గు అనరా?

సంధిదోషం: అక్కడ ‘వేసిన’ అనే మాట మింగేశాం.

మాగాణి: ఇక్కడ ‘చేస్తున్న’ మింగేశాం అనుకోండి! 1941లో మొదలైన సీరియల్ అది. బాంబులు పడుతున్న లండన్లో రాబిన్సన్ల సంసారం, రేషన్ తిప్పలు, యుద్ధంలో జాడ తెలియకుండా పోయినవాళ్ళ కోసం ఎదురుచూపులు. వినాల్సింది ఉత్తర అమెరికా వాళ్ళు. అమెరికా అప్పటికింకా యుద్ధంలోకి దిగలేదు. ‘మా గుమ్మంలోకి వచ్చేసింది, మరి మీరో?’ అని అడగడమే దాని పని. ‘ముంగిట’లోని సప్తమి, అంటే ‘ముంగిట్లో’ అనే అర్థం, తీసేస్తే ఆ బిగువు ఉండదు.

సంధిదోషం: సప్తమికి ప్రచారశాఖలో ఉద్యోగం ఇప్పించారన్నమాట.

తీరుబడి: ముంగిలి, వాకిలి, లోగిలి, మూడింట్లోనూ దాక్కున్నది ‘ఇల్లే’. తమిళ ‘మున్‌ఱిల్’ చూడండి.

అరసున్న: కౌగిలి, కౌగిట కూడా అదే వరస. అందులో ఏ ఇల్లుందండీ?

తీరుబడి: అదీ ఇల్లేనని నా సిద్ధాంతం. ఆధారాలు అడక్కండి. అసలు మీ మాస్టారు ‘బాంబుల దాపల’ అని ఉంటే ఈ గొడవే లేకపోను. పోతన ‘ఆ మూల సౌధంబు దాపల’ అన్నచోట కొందరు ‘దగ్గర’ అంటారు. పురం, నగరు, సౌధం, వనం, సరస్సు అంటూ ఒక్కో గడపే దాటించి విష్ణువు పడకదాకా తీసుకెళ్ళినవాడు మధ్యలో ఊరికే ‘దగ్గర’ అని ఊరుకుంటాడా? ఎడమ అనే అర్థం. మా ఊళ్ళో కాడికి ఎడమవైపు కట్టింది ఇప్పటికీ దాపలెద్దే.

సంధిదోషం: పోతన వచ్చాక రాబిన్సన్లు ఎవరికి గుర్తుంటారు! యుద్ధం అయ్యాక ఆ సీరియల్ లైట్ ప్రోగ్రామ్ అనే బీబీసీ రేడియో ఛానల్‌లో ‘ది రాబిన్సన్స్’గా వచ్చింది. పేరులోంచి ఫ్రంట్ లైనే పోయింది. మీరూ ఒట్టి ‘కాపురం’ అనేయండి, ఏ గుడితోనూ పేచీ ఉండదు.

అరసున్న: రేపు వ్యాసం పంపాలండీ. ట-నా, టి-నా?

మాగాణి: ట.

సంధిదోషం: టి.

అరసున్న: తీరుబడి గారూ, మీరేమంటారు?

తీరుబడి: అది సరే, దాపల అంటే ఎవరికి ఎడమ? సౌధానికా, ఎదురుగా నిలబడి చూసేవాడికా?