ప్రభుత్వం ఖర్చు పెంచితే నిరుద్యోగం తగ్గుతుందా?

లెక్కల మాస్టారు, మారతహళ్లి:
ఉద్దీపన ప్యాకేజీలతో, అంటే మాంద్యంలో ప్రభుత్వం కుమ్మరించే డబ్బుతో, ఉద్యోగాలొస్తాయన్నది భ్రమ. 2009 ఫిబ్రవరిలో అమెరికా 787 బిలియన్ డాలర్ల ప్యాకేజీ తెచ్చింది. నిరుద్యోగం 8 శాతం దాటదన్నారు, అక్టోబరుకల్లా 10 శాతమైంది. మన దగ్గర 2008-09లో ద్రవ్యలోటు (రాబడికి మించి ప్రభుత్వం పెట్టే ఖర్చు) జీడీపీలో 2.5 శాతం నుంచి 6 శాతానికి ఎగబాకింది, ఆ తర్వాత ధరలు మండిపోయాయి. ఖర్చయ్యేది మన పన్నులే, తెచ్చేది మన నెత్తిన అప్పే.

పీణ్య షెడ్డు:
మాస్టారూ, మీ అంకెలు నిజమే. కానీ ఆ 8 శాతం అంచనా జనవరిలో వేసింది. సంతకం పడిన ఫిబ్రవరిలోనే నిరుద్యోగం 8.3 శాతం ఉంది. డబ్బు బయటికి రాకముందే తప్పిన అంచనాను పట్టుకుని ప్యాకేజీ పనిచెయ్యలేదంటే ఎలా?

నేను కళ్ళారా చూసింది 2020లో. మాది బెంగళూరు పీణ్యలో చిన్న మెషిన్ షాపు. రెండు సీఎన్‌సీలు (కంప్యూటరుతో నడిచే మెషిన్లు), లోహాన్ని తిప్పి చెక్కే పాత లేత్ ఒకటి, ఆరుగురు మనుషులు. లాక్‌డౌన్ ఎత్తేసినా ఆర్డర్లు లేవు. సీఎన్‌సీల మీద పట్టా కప్పి, తుప్పు పట్టకుండా వారానికోసారి నూనె పూసేవాణ్ణి. కేంద్రం 20 లక్షల కోట్ల ప్యాకేజీ అంది. అందులో చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ హామీ మీద 3 లక్షల కోట్ల రుణాలు. నేనూ తీసుకున్నాను. షెడ్డు అద్దెకూ పాత కిస్తీలకూ సరిపోయింది. ఒక్క మనిషినీ వెనక్కి పిలవలేకపోయాను. కొనేవాళ్ళు లేకుండా అప్పు తెచ్చి ఏం తయారుచేస్తాం?

మా లేత్ అబ్బాయి కదిరి దగ్గర సొంతూరు వెళ్ళి కరువు పనికి పోయాడు (ఉపాధి హామీని మా వైపు ఇప్పటికీ అలాగే అంటాం). ఆ ఏడాది ఆ పథకానికి బడ్జెట్‌లోని 61,500 కోట్లకు తోడు ఇంకో 40,000 కోట్లు ఇచ్చారు. ఏపీలో రోజుకు 237 రూపాయలు. వాళ్ళమ్మా, అతనూ ఇద్దరూ వెళ్ళారు. ఒకరోజు ఫోన్ చేసి, "అంగట్లో బాకీ కట్టేసినాం అన్నా, ఆయప్ప మల్లా టౌన్ నుంచి సరుకు ఏసుకొచ్చినాడు" అన్నాడు. నాకిచ్చిన డబ్బు అద్దెకూ, తిరిగి బ్యాంకుకూ పోయింది. అతనికిచ్చింది ఊళ్ళో చేతులు మారింది.

లెక్కల మాస్టారు, మారతహళ్లి:
అది ఉపశమనం, ఉద్యోగం కాదు. లేత్ పనివాడు గుంతలు తవ్వితే అతని పనితనం ఏమైపోవాలి? రేపు ధరలు పెరిగితే దెబ్బ తినేదీ అతనే.

పీణ్య షెడ్డు:
ఆ బాధ నాకూ ఉంది మాస్టారూ. అందరికీ పనున్న రోజుల్లో డబ్బు కుమ్మరిస్తే ధరలే పెరుగుతాయి, ఒప్పుకుంటాను. కానీ మెషిన్లు పట్టా కింద ఉన్నప్పుడు పాత రేటుకే పని చేసిపెట్టడానికి నాలాంటివాళ్ళు ఎదురుచూస్తుంటారు. 2021-22 బడ్జెట్‌లో జల్ జీవన్ మిషన్‌కు 50,011 కోట్లు పెట్టారు. ఇంటింటి కుళాయి లైన్లకు వాల్వు బాడీలు కావాలని ఆ ఏడాదే మాకు ఆర్డరొచ్చింది. పట్టా తీసి, అబ్బాయికి ఫోన్ చేశాను. మర్నాడు తెల్లారేసరికి మెజెస్టిక్ బస్టాండులో బస్సు దిగాడు.