'శనివార్ తేలీ' అంటే ఎవరు?

కొంకణ్ యూదులను 'శనివార్ తేలీ' అని ఎందుకన్నారని గ్రూపులో ఒకరు అడిగారు. కామెంటులో ఇమడదని విడిగా రాస్తున్నాను.

మరాఠీలో తేలీ అంటే గానుగ ఆడించి నూనె తీసేవాడు. మన దగ్గర తెలికలవాళ్లు, గాండ్లవాళ్లు చేసిన పనే. ముంబైకి దక్షిణాన అలీబాగ్, పేణ్, రోహా చుట్టుపక్కల పల్లెల్లో బెనె ఇజ్రాయెల్ అనే యూదుల్లో చాలామందికి అదే జీవనాధారం. శనివారం వస్తే వాళ్ల గానుగ ఆగేది. సోమవారం శివుడి రోజని పని మానే హిందూ తేలీలను 'సోమవార్ తేలీ' అనేవారు కాబట్టి, అదే వరసలో వీళ్లు 'శనివార్ తేలీ' అయ్యారు.

నన్ను బాగా కదిలించేది ఇదే. వాళ్ల మతం పేరేమిటో ఊరికి తెలియదు. ఏ పని చేస్తారు, ఏ రోజు మానేస్తారు అన్నది చూసి పేరు పెట్టేశారు. నవ్‌గావ్ దగ్గర ఓడ మునిగి ఒడ్డుకు చేరిన కొద్దిమందే తమ పూర్వీకులని బెనె ఇజ్రాయెల్ చెప్పుకుంటారు. గ్రంథాలు చేతిలో లేని కాలంలో కూడా షబ్బాత్ (శనివారపు విశ్రాంతి), సున్తీ, 'షెమా ఇస్రాయేల్' ప్రార్థన వదల్లేదు. మిగతా బతుకంతా కొంకణ్‌దే. ఇంట్లో మరాఠీ. పేణ్‌కర్, రోహేకర్, కిహీమ్‌కర్ అని ఊరి పేరుతో ఇంటిపేర్లు. శుభకార్యాలప్పుడు ఏలీయా ప్రవక్తను తలచుకుంటూ పెట్టే 'మలీదా'లో తీపి అటుకులు, కొబ్బరి, పళ్లు ఉంటాయి.

కామెంట్: మన ఇళ్లలో శనివారం నూనె కొనకూడదంటారు కదండీ, దానికీ దీనికీ సంబంధం ఉందా?

జవాబు: లేదండీ. మనది శనిగ్రహం గురించిన నమ్మకం, నూనె ఇంటికి తెచ్చుకోవద్దని. వాళ్లది షబ్బాత్, అంటే శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం చీకటి పడేదాకా విశ్రాంతి. వడ్రంగం చేసే బెనె ఇజ్రాయెల్ కూడా ఉన్నారు, ఆ రోజు వాళ్ల ఉలీ ఆగేది. నూనె పేరులోకి వచ్చింది వృత్తి వల్లనే.

కామెంట్: ఇప్పుడు అలా పిలవొచ్చా?

జవాబు: చరిత్ర చెప్పేటప్పుడు తప్ప వద్దు. కులం పేరులా వినిపిస్తుంది, పైగా వాళ్లలో చాలామంది బ్రిటిష్ కాలంలోనే సైన్యంలోకి, బొంబాయి ఆఫీసుల్లోకి వెళ్లిపోయారు. వాళ్లు తమను తాము పిలుచుకునే పేరు బెనె ఇజ్రాయెల్, ఇజ్రాయెల్ సంతానమని అర్థం. ఇంకో సంగతి చెప్పాలి. పల్లెల్లో శనివారాన్ని చూసే గుర్తుపట్టిన ఈ మనుషులను, ఇజ్రాయెల్ వెళ్లాక పెళ్లిళ్ల విషయంలో అక్కడి మతాధికారులు 'మీరు నిజంగా యూదులేనా' అని ప్రశ్నించారు. బెనె ఇజ్రాయెల్ వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. 1964లో అక్కడి పార్లమెంటు వాళ్లు అన్ని విధాలా యూదులేనని ప్రకటించింది. అంత జరిగినా మరాఠీని వదులుకోలేదు. ఇజ్రాయెల్లో ఉంటూనే 'మాయ్‌బోలీ' అనే మరాఠీ పత్రిక నడిపారు. మాయ్‌బోలీ అంటే అమ్మ నుడి.