సస్పెన్షన్ పనికి నమ్మకమైన షెడ్డును ఎలా గుర్తించాలి? (గుంటూరు, విజయవాడ)

గుంటూరు_స్విఫ్ట్:
అందరికీ నమస్కారం. మాది 2016 నాటి డీజిల్ స్విఫ్ట్. ఎనభై వేల కిలోమీటర్లు దాటింది. కొంతకాలంగా గతుకుల దారిలో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముందు ఎడమ చక్రం వైపు నుంచి టకటకమనే శబ్దం వస్తోంది. నున్నటి రోడ్డు మీద ఎంత వేగంగా వెళ్లినా ఏమీ వినిపించదు. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే, బండిని పైకి లేపకుండానే వీధి చివరిదాకా ఒకసారి నడిపి వచ్చి, షాకబ్జర్లు రెండూ, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చేతులు) రెండూ, వీలైతే స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం) కూడా మార్చాలని అంచనా రాసి ఇచ్చారు. మా వీధి మెకానిక్ మాత్రం లింక్ రాడ్లు మారిస్తే చాలంటున్నాడు. రెండు అంచనాలకూ దాదాపు పదింతల తేడా ఉంది. డబ్బు సంగతి అటుంచితే, మా అమ్మగారిని వైద్యం కోసం తరచూ విజయవాడ తీసుకువెళ్లేది ఈ బండిలోనే కాబట్టి, హైవే మీద ఏ ఇబ్బందీ రాకూడదన్నదే నా ఆరాటం. ఈ పని తెలిసిన, మాట మీద నిలబడే షెడ్డును ఎలా ఎంచుకోవాలో దయచేసి చెప్పగలరు.

పాతపానా:
ఈ పనిలోనే జీవితం గడిపినవాడిగా చెబుతున్నాను: బండిని లేపి చూడకుండా ర్యాక్ మార్చాలన్న చోటికి మళ్లీ వెళ్లకండి. నడిపి చూస్తే శబ్దం ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది గాని, ఏ భాగం అరిగిందో చేత్తో పట్టి కదిపితేనే తేలుతుంది.

షెడ్డుకు వెళ్లేముందు మీరే ఒక పరీక్ష చేయవచ్చు. ముందు చక్రాలు రెండూ ఒకేసారి ఎక్కేలా స్పీడ్ బ్రేకర్‌ను తిన్నగా దాటండి. తరువాత ఒక్కో చక్రం విడివిడిగా ఎక్కేలా ఏటవాలుగా దాటండి. లింక్ రాడ్లు స్టెబిలైజర్ బార్‌ను, అంటే మలుపుల్లో బండి పక్కకు ఎక్కువగా ఒరగకుండా చూసే కడ్డీని, పట్టి ఉంచేవి. ఆ బార్‌కు పని పడేది రెండు చక్రాలూ వేర్వేరు ఎత్తుల్లో ఉన్నప్పుడే. తిన్నగా దాటినప్పుడు తగ్గి, ఏటవాలుగా దాటినప్పుడు పెరిగే శబ్దమైతే మీ వీధి మెకానిక్ మాటకే బలం ఎక్కువ. అలా కాక, బ్రేకు వేసినప్పుడో, ఆగి కదిలినప్పుడో ధడ్‌మంటే లోయర్ ఆర్మ్ బుష్‌ను, అంటే ఆర్మ్ కదిలే చోట ఉండే రబ్బరు కీలును, అనుమానించాలి. నిలిపి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పగానే స్ప్రింగు మెలిపడి విడిచినట్టు చప్పుడొస్తే స్ట్రట్ మౌంట్‌ను (షాకబ్జర్ పై కొసను బండికి పట్టి ఉంచే భాగాన్ని), దాని బేరింగ్‌ను చూడాలి. షాకబ్జర్ పోతే దాని ఒంటి మీద నూనె కారుతుంది, లేదా గతుకు దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది.

షెడ్డులో చక్రాన్ని గాలిలోకి లేపి, పైనా కిందా పట్టి ఊపితే బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండ్రటి కీలు), వీల్ బేరింగ్ సంగతి, కుడి ఎడమలు పట్టి ఊపితే టై రాడ్ (ర్యాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ), ర్యాక్ సంగతి బయటపడతాయి. బుష్‌ల దగ్గర పొడవాటి రాడ్డు పెట్టి ఒత్తి చూస్తారు. ఇవన్నీ మీ కళ్ల ముందే చేసి, ప్లే (వదులు) ఎక్కడుందో మీ చేత్తో పట్టి చూడమనేవాడే నా దృష్టిలో నమ్మదగిన మెకానిక్. కస్టమర్లను లోపలికి రానివ్వమంటే, కనీసం వీడియో తీసి చూపించమనండి.

ఇక అసలు పనితనం బయటపడేది బోల్టు బిగింపులో. లోయర్ ఆర్మ్ బుష్ లోపలి ఇనుప గొట్టాన్ని బోల్టు బిగబట్టి ఉంచుతుంది. ఆర్మ్ కదిలినప్పుడల్లా చుట్టూ ఉన్న రబ్బరే మెలితిరగాలి. చక్రం వేలాడుతుండగా ఆ బోల్టును పూర్తిగా బిగించేస్తే, బండి కిందికి దిగిన మరుక్షణం నుంచి ఆ రబ్బరు మెలిపడే ఉంటుంది, కొన్ని నెలలకే చిరిగిపోతుంది. అప్పుడు అందరూ సామాను నాసిరకమని తిడతారు. అందువల్ల బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు, అది కూడా టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) చేయాలి. "ఆర్మ్ బోల్టులు ఎప్పుడు బిగిస్తారు?" అని ముందే అడగండి. పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు సంతోషిస్తాడు.

కృష్ణలంక_కారు:
పాతపానా గారు చెప్పినదానికి ఒక్కటి జోడిస్తాను. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ ఒకచోట, సామాను దుకాణం ఒకచోట, వీల్ అలైన్‌మెంట్ మరొకచోట ఉండటం మామూలే. సస్పెన్షన్ పని తాను చేయని అలైన్‌మెంట్ కేంద్రానికి ముందు వెళ్లండి. జాయింట్లలో ప్లే ఉంటే అలైన్‌మెంట్ నిలవదు గనుక వాళ్లు ముందుగా ఆ భాగాలను కదిపి చూస్తారు. పైగా ఊళ్లోని షెడ్లన్నింటి పనీ వాళ్ల కళ్ల ముందు నుంచే వెళ్తుంది కాబట్టి, ఎవరి బండ్లు తిరిగి రావో వాళ్లకు బాగా తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురిని అడిగి చూస్తే ఒకే పేరు మళ్లీ వినపడవచ్చు. ఆర్మ్, స్ట్రట్, టై రాడ్ వంటివి మార్చాక అలైన్‌మెంట్ ఎలాగూ తప్పనిసరి. ముందూ తరువాతా కొలతల కాగితం తీసుకోండి. టో (చక్రాలు ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే కొత్త టైర్లు కూడా అంచుల్లో త్వరగా అరిగిపోతాయి.

గుంటూరు_స్విఫ్ట్:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం స్పీడ్ బ్రేకర్ మీద చూశాను. తిన్నగా దాటితే దాదాపు నిశ్శబ్దం, ఏటవాలుగా దాటితే స్పష్టంగా టకటక. లింక్ రాడ్లే అయితే రెండు వైపులా మార్చాలా? సామాను నేనే కొని ఇవ్వడం మంచిదా?

బెజవాడ_డీజిల్:
లింక్ రాడ్లు రెండూ ఒకే దారి మీద అరిగినవే కాబట్టి జతగా మార్చడమే మేలు. ఖర్చు కూడా పెద్దగా పెరగదు. షాకబ్జర్లను మాత్రం, మార్చవలసి వస్తే, తప్పకుండా జతగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు, మలుపుల్లో రెండు వైపులా బండి ఒకేలా ప్రవర్తించదు.

సామాను మీరే కొంటే, తేడా వచ్చినప్పుడు మెకానిక్ సామాను మీదికీ, దుకాణదారు బిగింపు మీదికీ నెడతారు. అందుకని షెడ్డు ద్వారానే తెప్పించి, ప్యాకెట్ మీ ముందే విప్పించి, ఎమ్మార్పీ, పార్ట్ నంబర్ చూసుకోండి. విప్పిన పాత భాగాలను మీకే ఇమ్మని పని మొదలుపెట్టకముందే చెప్పండి. జీఎస్టీ బిల్లులో సామాను, కూలి విడివిడిగా, వారంటీ ఎన్నాళ్లో రాతపూర్వకంగా ఉండాలి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు ఆ కాగితాలే ఆధారం.

లింక్ రాడ్లు మార్చాక అదే స్పీడ్ బ్రేకర్‌ను అదే ఏటవాలులో మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని దాటి చూడండి. అప్పటికీ శబ్దం ఉంటే, డబ్బు కట్టేముందే బండిని మళ్లీ పైకి లేపించి బాల్ జాయింట్, బుష్‌లు చూడమనండి.