పాత భూమి కాగితాలకు ఏ స్కానర్ తీసుకోవాలి?

హన్మకొండ రైతుబిడ్డ:
అన్నలూ, మా నాయన దగ్గర పాత దస్తావేజులు, పహాణీ నకళ్లు, పాస్‌బుక్కులు రేకు పెట్టె నిండా ఉన్నాయి. కొన్ని ఉర్దూవి. మడతల దగ్గర చిరుగుతున్నాయి, ముద్రలు వెలిసిపోతున్నాయి, చూస్తేనే టెన్షన్‌గా ఉంది. ఫోన్‌తో తీస్తే నీడ పడుతోంది, వరుసలు వంకర వస్తున్నాయి. ఇంట్లో విండోస్ డెస్క్‌టాప్ ఉంది. కాగితాన్ని లోపలికి లాక్కునే రకం మంచిదా, అద్దం మీద పెట్టేదా?

కాజీపేట నుంచి:
లాక్కునేది అస్సలు వద్దు తమ్మీ, రోలర్ మడత దగ్గర పట్టిందంటే కాగితం రెండు ముక్కలే. ఫ్లాట్‌బెడ్, అంటే అద్దం మీద పెట్టేదే తీసుకో. కెనాన్ లైడ్ 300 లాంటిది చాలు, కరెంటు ప్లగ్ కూడా అక్కర్లేదు, యూఎస్‌బీ మీదనే నడుస్తుంది. కానీ కొనే ముందు స్కేలు పెట్టి స్టాంపు కాగితం కొలువు. ఆ స్కానర్ల అద్దం ఏ4, అంటే పొడవు 297 మిల్లీమీటర్లు. స్టాంపు కాగితాలు ఎక్కువగా లీగల్ సైజులో ఉంటాయి, దాదాపు 356. పైభాగం ఒకసారి, కిందిభాగం ఒకసారి తీయాలి. కాగితం స్కానర్ అంచు మీదికి ఎక్కిన చోట అద్దం నుంచి కొంచెం లేస్తుంది, అక్కడ అక్షరం మసకబారుతుంది, అందుకే మధ్యలో ఐదారు వరుసలు రెండు స్కాన్లలోనూ వచ్చేలా పెట్టు.

జగిత్యాల నుంచి:
డ్రైవర్, అంటే స్కానర్‌ను కంప్యూటర్‌తో కలిపి నడిపే సాఫ్ట్‌వేర్, కంపెనీ సైట్ నుంచే దింపుకో. కేబుల్‌ను యూఎస్‌బీ హబ్‌కు (ఒక పోర్టును నాలుగైదు చేసే డబ్బా) కాకుండా నేరుగా సీపీయూ వెనక పోర్టుకు పెట్టు, పవర్ సరిపోకపోతే స్కానర్ మధ్యలో ఆగిపోతుంది. స్కాన్ చేయడానికి నాప్స్2 అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, పేజీలన్నీ కలిపి ఒకే పీడీఎఫ్ చేస్తుంది. రంగులోనే తీయి, బ్లాక్ అండ్ వైట్ పెడితే వెలిసిన ముద్ర మొత్తానికే పోతుంది. అచ్చుకు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) సరిపోతుంది, ఉర్దూ చేతిరాతకు 600 పెట్టు.

హన్మకొండ రైతుబిడ్డ:
చాలా థ్యాంక్స్ అన్నా. మరి పాస్‌బుక్కుల్లో కుట్టు దగ్గర?

కాజీపేట నుంచి:
ఈ సన్న స్కానర్లకు కాగితం అద్దానికి అంటుకుంటేనే స్పష్టంగా వస్తుంది. పుస్తకం తెరిచి బోర్లా పెట్టి, కుట్టు మీద అరచేతితో మెల్లగా అదిమి పట్టు, మరీ పాతదైతే బలవంతం చేయకు. ఇంకోటి, స్కాన్ ఉంది కదా అని అసలు కాగితం పారేయొద్దు. దస్తావేజు బాగా చిరిగితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగొచ్చు, దానికి డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం కావాలి. ఆ రెండూ, సర్వే నంబరుతో కలిపి ఫైలు పేరులోనే రాసిపెట్టు.